డి డ్రైవు

కందుకూరు, పామూరు రోడ్డు.
స్టూడియో షట్టరెత్తి, మీట నొక్కి
టీకి పోయొచ్చినా ఇంకా తిరుగుతానే ఉండేది
తెరమీద ఆ చక్రం.

నిన్న మాల్యాద్రి వచ్చి
అగ్గిపెట్టెకన్నా పలచటి బిళ్ళొకటి బిగించాడు.
"విండోసు దీంట్లో. ఫోటోలు ఆ పాతదాంట్లోనే.
పొగాకు యాపారం లెక్కే కాలేషా భాయ్,
గల్లాపెట్టె ముందరుండాల, బేళ్ళు గొడౌన్లో ఉండాల."
పద్దెనిమిది వందలు. టీ డబ్బులు కూడా నావే.

ఇప్పుడు మీట మీంచి వేలు తీసేలోగా
తెల్లారుతుంది తెర.
చప్పుడు లేదు. వేడి లేదు.
టీ ఎప్పుడు తాగాలో నాకే తోచడం లేదు.

పదకొండింటికి ఓగూరు నించి ఒకామె.
"మా ఆయన ఫోటో, అబ్బయ్యా. పెద్దది చెయ్యాల.
చెంచులక్ష్మి పెళ్ళిలో తీసుండావు నువ్వు,
బ్యారను కాడ నించి అట్నే వచ్చాడు, మాసిన చొక్కాతో."
ఏ సంవత్సరమో ఆమెకు తెలీదు.

డి డ్రైవు తెరిచాను.
గుర్రుమని, టిక్కుమని,
పన్నెండేళ్ళ పెళ్ళిళ్ళు మోసిన పళ్ళెం
తిరగడం మొదలెట్టింది.
ఆమె డబ్బా వంక చూసింది.
"వెతకతా ఉండాదా?"
"ఆఁ, వెతకతా ఉండాది."

బంతిలో మూడోవాడు.
విస్తరి మీదకి వంగి, సగం మొహం.
ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది.
"చొక్కా అట్నే ఉంచు" అంది.

రాత్రి షట్టరు దించేముందు
డబ్బాకి చెవి ఆనించాను.
ఆ టిక్కు నిన్నటికంటే గట్టిగా ఉందా,
మిగతాదంతా మూగబోయి అట్లా వినపడతా ఉందా.
మాల్యాద్రికి ఫోన్ కొట్టాను:
ఇంకో గొడౌను కావాల.