నాకే

రాజమండ్రిలో, రెండో అంతస్తులో,
వరండా నిండా పంచెలూ చేతికర్రలూ.
టోకెన్ల అమ్మాయి నన్ను చూసి అడిగింది:
"మీ నాన్నగారేరండీ? లోపలికి తీసుకురండి."
"నాకేనండి" అన్నాను.
"ఆయ్" అంది గానీ
వయసు గడిలో నలభై వెయ్యడానికి
ఆమె పెన్ను ఒక్క క్షణం ఆగింది.

పక్కన పెద్దాయనది ఆచంటట. డెబ్బై ఆరు.
సంచిలోంచి బత్తాయి తొన తీసిచ్చి
"ఈ వయసులో నీకెందుకొచ్చిందయ్యా ఇది" అన్నాడు,
నేనేదో ఆయన కుర్చీలో కూర్చున్నట్టు.

భీమవరంలో నాది రొయ్యల ల్యాబు.
ఉండి రోడ్డులో, ఐసు ఫ్యాక్టరీ పక్క సందు.
పొద్దున్నే రైతులు పాలిథిన్ కవర్లలో
చెరువుల్ని పట్టుకొస్తారు.
ఉప్పు ఎంత, అమ్మోనియా ఎంత,
పిల్లకి వైట్ స్పాట్ ఉందా లేదా,
పధ్నాలుగేళ్ళుగా చెబుతున్నాను.
మెషీన్ నలభై చుట్లు తిరుగుతుంది.
చీకటిగదిలో జెల్ మీద గీత వెలిగితే
ఒక ఇల్లు ఆ ఏడాదికి మునిగినట్టు.
వెలిగిన రోజున నేను ముందు టీ తాగొచ్చి
అప్పుడు ఫోన్ చేసేవాణ్ణి.
ఆ టీ ఎంతసేపు తాగేవాణ్ణో
ఎవరూ అడగలేదు.

నాదీ ఒక అంకె. పదకొండు పాయింట్ నాలుగు.
నాలుగు దాటకూడదట.
ల్యాబువాడి తప్పనుకున్నాను.
ఇంకో ల్యాబు. పదకొండు పాయింట్ తొమ్మిది.
రైతులూ ఇంతే, నా రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని
ఎదురు ల్యాబుకి పోతారు.
కిటికీలోంచి చూసి నవ్వుకునేవాణ్ణి.

తెలుగులో దాన్ని పౌరుష గ్రంథి అంటారట,
ఆసుపత్రి గోడ మీద బొమ్మ కింద రాసుంది.
ప్రోస్టేట్ అంటేనే నయం.
విన్నవాడికి ఏమీ గుర్తు రాదు.

ముక్క తీసేటప్పుడు ఎడంపక్కకి తిరిగి పడుకోమన్నారు,
మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని.
ఉడికాక రొయ్య అలాగే ఉంటుంది.
టక్.
పన్నెండు లెక్కపెట్టాను.
నాలుగు మూలలా తియ్యండి, మధ్యలో కూడా తియ్యండి,
గట్టు పక్కన ముంచి తెచ్చేస్తే చెరువు సంగతి తెలీదు,
రైతులతో నేను రోజూ అనే మాట.
డాక్టరు అది విన్నట్టే తీశాడు.
సీసాల్లో ఫార్మలిన్ వాసన.
ఆ గదిలో నాకు తెలిసున్నది అదొక్కటే.

మూడు రోజులు ఒంటేలు గులాబీరంగు.
కరుణ బాత్రూమ్ బయట నిలబడి
"ఎలా ఉంది?" అంటుంది.
"తగ్గింది" అంటాను, ఫ్లష్ నొక్కేశాక.
రెండో బిడ్డ వద్దనుకున్నాం ఆరేళ్ళ కిందట,
ఫ్యాను కేసి చూస్తూ, నవ్వుకుంటూ.
అప్పుడది మా ఇష్టం.
ఇప్పుడు రాత్రుళ్ళు ఆమె చెయ్యి
నా పొట్ట మీదకొచ్చి అక్కడితో ఆగుతుంది.
నొప్పి పెడతాననో,
ఆశ పెడతాననో.
అడగలేదు.
మా ఇద్దరి మధ్యా
వేసవిలో కాలువ కట్టేసినట్టుంది:
అడుగున బురద, తెగిన చెప్పు, ఎవరిదో గాజుసీసా,
ఇన్నాళ్ళూ నీళ్ళ కింద ఉన్నవే.

రిపోర్టు మంగళవారం అన్నారు.
ఇవాళ ఆదివారం.
రాత్రి పదింటికి కోపల్లె నుంచి ఏసుపాదం ఫోన్.
మూడెకరాల కౌలు చెరువు.
"గీత వెలిగిందాండీ?
ఉన్నదున్నట్టు చెప్పెయ్యండి సార్.
తెల్లారితే మేత వెయ్యాలో వల వెయ్యాలో
నేను తేల్చుకోవాలి."

సాయంత్రం పెట్టిన జెల్ ఇంకా చూడలేదు.
మామూలుగా అయితే పొద్దున్న చెబుతాననేవాణ్ణి.
లుంగీ మీదే బండి తీశాను.
సీటు మీద కూర్చోలేక
సగం లేచి నడుపుతున్నాను, దొంగలాగ.
యనమదుర్రు వంతెన మీద మురుగు వాసన.
దూరంగా దీపాల కింద
ఏరేటర్లు నీళ్ళని కొడుతూనే ఉన్నాయి,
కింద పిల్ల బతికున్నా లేకున్నా.

తాళం. చీకటిగది. స్విచ్చి.
ఫోన్ చెవి దగ్గరే ఉంది,
ఏసుపాదం ఊపిరి వినిపిస్తోంది.

చూసింది చూసినట్టు చెప్పాను.

అవతల కాసేపు ఏమీ లేదు.
తర్వాత
"ఆయ్" అన్నాడు.