నీలం చెయ్యి

ఏప్రిల్. మధ్యాహ్నం రెండున్నర.
ఎర్రగుంట్లలో బండల ఫ్యాక్టరీ ఆవరణ.
అరువు తెచ్చిన కెమెరాతో నిలబడ్డాను.
అది వెలుతురును చూడదు, వేడిని చూస్తుంది.
రంగులు మాత్రం నేనే ఎంచాను:
కాగేది పసుపు,
అంతకు తక్కువది నీలం.

పోయిన వారం స్టీలు గ్లాసులో పొగలు కక్కే టీ తీశాను.
చల్లగా ఉందంది కెమెరా.
మెరిసేవన్నీ అంతే, తమ వేడి దాచుకొని
ఎదుటివాళ్లది చూపిస్తాయి.
గ్లాసుకు నల్ల టేపు ముక్క అంటిస్తే
అంతమేరకే నిజం బయటపడింది.
నలభై సెకన్ల వీడియో. నూట పన్నెండు మంది చూశారు,
అందులో సగం మా తొమ్మిదో తరగతి బి సెక్షనే.

ఈసారి బండలు.
అరవై మూడు డిగ్రీలు,
తెరంతా పొద్దుతిరుగుడు చేను మాదిరి పసుపు.
పుల్లమ్మ వచ్చి ఒక బండ మీద చెయ్యాన్చి
కొంగుతో మొహం తుడుచుకొని
చెయ్యి తీసేసింది.
చెయ్యి అక్కడే ఉండిపోయింది.
అయిదు వేళ్లు, నీలంగా,
చూపుడువేలు కణుపు దగ్గరికే ఆగిపోయి.
పదకొండు సెకన్లలో పసుపు దాన్ని మింగేసింది.

రాత్రికి లక్ష మంది.
రాయికి చలువ పోసిన తల్లి, అని ఎవరో రాశారు.
దండాల బొమ్మలు వందలు.
నాకు నిద్ర పట్టలేదు.
అబద్ధం చెప్పలేదు,
చెప్పాల్సింది చెప్పలేదు.

తెల్లారే మళ్లీ రికార్డు చేశాను, గొంతు బొంగురుగా:
చలువనే సరుకు లేదండీ లోకంలో,
ఒకరు ఇంకొకరికి పోయడానికి.
ఉన్నది వేడొక్కటే. ఎక్కువున్న చోటి నుంచి
తక్కువున్న చోటికి నడుస్తుంది.
రాయి చల్లబడిందంటే
ఆ వేడి ఎక్కడికో పోయిందని.
ఎక్కడికో కాదు.
దీన్ని నాలుగు వందల మంది చూశారు.

సాయంత్రం పుల్లమ్మకు రెండూ చూపించాను.
మొదటిదానికి నవ్వింది,
"యాంది మేడమ్, నా సెయ్యి నీలమా?"
రెండోది కడదాకా వినింది.
అరచెయ్యి తిప్పి చూసుకొని,
"అంటే రాయి నాలోకి వచ్చినట్టేనా?"
రాయి కాదు, దాని వేడి, అన్నాను.
"ఒగపారి ముట్టుకుంటేనే అంత.
దినానికి మున్నూరు ఎత్తుతా.
ఇరవై రెండేండ్లు.
సదువుకున్నదానివి, లెక్కేసి సెప్పు."

జేబులో సుద్దముక్క ఉంది.
ద్రవ్యరాశి, విశిష్టోష్ణం, ఉష్ణోగ్రతల తేడా,
అక్కడే ఒక బండ మీద మొదలుపెట్టాను.
నల్లరాయి, సుద్ద బాగానే పడింది.
సగం లెక్కలో లారీ వచ్చింది.
ఆ బండను కూడా ఆమే ఎత్తింది.