కెలటం

గోపాలపురం అని బోర్డు మూడు భాషల్లో ఉంది,
మాది వాటిలో లేదు.
బరంపురం నుంచి పదహారు కిలోమీటర్లలో
టుకునా నాలుగుసార్లు అడిగాడు సముద్రం ఏదని,
ఒడియాలో.
వాడికి నా భాషలో వచ్చిన మాటలు మూడు:
అన్నం, వద్దు, అమ్మమ్మ.

రిసార్టు గేటులో సిమెంటు డాల్ఫిను,
ముక్కు విరిగి లోపలి చువ్వ బయటికొచ్చింది.
ఐదేళ్లలోపు పిల్లలకి ఫలహారం ఉచితం.
కౌంటరు మీద గాజు జాడీ నిండా గవ్వలు,
ఒక్కటీ ఈ ఒడ్డుది కాదు.
ఫారంలో స్వస్థలం అన్నచోట ప్రద్యుమ్న
ఇద్దరికీ కలిపి బరంపురం అని రాసేశాడు.
నేనేమీ అనలేదు.

గది గోడకి వల వేలాడదీశారు, అందానికి.
నీలం నైలాను, ఎప్పుడూ తడిసి ఎరగదు.
దగ్గరికెళ్లి ముడులు చూశాను. మిషను ముడులు.
మా అమ్మ ఉంటే నవ్వేది,
"దీన్లో దోమ కూడా పడదే" అని.

మధ్యాహ్నం ఇసకలో ఒక ముసలాయన,
నెత్తిన శంఖులాంటి వెదురు టోపీ,
టోపీ మీద ఎర్రగా పదకొండు.
నులియా అంటారు ఇక్కడ. మునిగేవాళ్లని లాగే ఉద్యోగం.
టుకునా నీళ్లకి ఎదురు పరిగెత్తాడు.
నా నోట్లోంచి పాతికేళ్లుగా రానిది వచ్చింది:
"ఒరే గుంటా! ఆగరా, లాగీసుద్ది!"
టోపీ ఇటు తిరిగింది.
"ఏ పేటమ్మా మీది?"

చెప్పాను. ఆ పేట ఇప్పుడు సగం నీళ్లలో ఉందని ఆయనే చెప్పాడు.

మైలపిల్లి దానయ్య. పేరు టోపీ మీద రాయరు.
వేలితో చూపించుకుంటూ పోయాడు, బాకీలు చదివినట్టు:
"ఆ జారుడుబల్ల కాడ మా పెద్దయ్య తెప్ప ఆరేసీవోడు.
ఆ నీలం తొట్టి ఉంది సూడు, అక్కడ కవ్వలు ఎండేసీవోళ్లం.
ఇందాక మీరు కాఫీ తాగినారే,
ఆ గొడుగు కింద వలలకి తుమ్మచెక్క రసం పట్టీవోళ్లం."
గొంతులో కోపం లేదు.
"జీతం నెలనెలా వస్తాది. గంగమ్మ అలాగివ్వదు గదా."
అని, కాసేపు మాట్లాడలేదు.
నీళ్లలో విరిగిన జెట్టీ స్తంభాల మీద
నీటికాకులు రెక్కలారేసుకున్నాయి.
రంగం ఓడ అక్కడే ఆగేదట. వాళ్ల తాత పడవ తాడు విప్పి
ఎక్కినోళ్లందరికీ చెయ్యూపేవాడట,
ఎవరో తెలియకుండానే.

ఆయన టుకునా వేలు పట్టుకున్నాడు.
"కెరటానికి యీపు సూపకు.
ఎదురు నిలబడు. పక్కకి తిరిగి బుజం ఇయ్యి."
వాడు అలని చూపించి "ఢేఉ" అన్నాడు.
"కెరటం" అన్నాడాయన.
"కెలటం."
ఆ రాత్రి దాకా అన్నీ కెలటాలే,
స్నానాల గది పంపు, పప్పు గిన్నె, వాళ్ల నాన్న పొట్ట.

భోజనాల దగ్గర నెత్తళ్లు ఉన్నాయా అని అడిగాను.
"వాసన మేడం, ఫ్యామిలీలు వస్తారు" అన్నాడు వెయిటరు.
నేను ఫ్యామిలీనే.
రొట్టెలు తెప్పించుకున్నాం.

నిద్ర పట్టలేదు.
అమ్మ గంప బస్సు టాపు మీదకెక్కేది,
కొన్నాళ్లు అమ్మ కూడా దాని పక్కనే.
నేను లోపల, బడి బట్టల్లో, కిటికీ సీట్లో,
పైన ఎవరున్నారో తెలియనట్టు.
బరంపురం బజారులో ముందు నేను దిగేదాన్ని,
వెనక్కి చూసేదాన్ని కాదు.
అమ్మ పిలిచేదీ కాదు.
ఆమెకి ఎలా తెలుసో పిలవకూడదని.

పొద్దున్నే సామాను సర్దుతుంటే
గేటు బయట, డాల్ఫిను వెనక దానయ్య.
టోపీ లేకపోతే పోల్చుకోలేకపోయాను.
లోపలికి రానివ్వరట, డ్యూటీ వేళ కాకపోతే.
ఒడియా పేపరు పొట్లం చేతిలో పెట్టాడు.
"మా ఆడది ఇమ్మన్నాది. ఎండువి. ఇసక దులుపుకో."
డబ్బు తీయబోయాను. చూసిన చూపుకి
పర్సు మళ్లీ సంచీలోకి పోయింది.

కారు మలుపు తిరిగేసరికి వాసన లేచింది.
వెనక సీట్లో టుకునా పొట్లానికి ముక్కు ఆనించి
"కెలటం" అన్నాడు.
ప్రద్యుమ్న మంచివాడు,
ఏమీ అనకుండా తన వైపు అద్దం దించాడు.
నేను నా వైపుది పైదాకా ఎత్తేశాను.