కత్తెర వదిలేసినవి

డులూత్ నగర గ్రంథాలయం, కింది అంతస్తు.
జనవరిలో మొదటి శనివారం.
బయట సరస్సు గడ్డకట్టింది.
ఇనుపరాయి మోసే ఓడలు రేవులో
చలికాలమంతా ఒక్క నిద్రే తీస్తున్నాయి.
లోపల పద్నాలుగు కుర్చీలు వేసింది నేను,
సాయంత్రం తీసేదీ నేనే.

ఒక్కో కుర్చీ మీదా బరువైన కోటు,
ఒక్కో చేతికీ జిగురు గొట్టం,
మొద్దుబారిన పిల్లల కత్తెర.
నడుమ కుప్పగా పాత పత్రికలు.
పళ్ళ డాక్టరు గదిలో పదేళ్ళు కూర్చుని
ఎవరి నొప్పీ తగ్గించలేక రిటైరైనవి.

"మీకేం కావాలో కత్తిరించండి" అంది కొరీన్,
కలల బోర్డు కట్టడం నేర్పే పిల్ల.
"కంటి ముందుంటే కాలు అటే నడుస్తుంది."
నా చొక్కా మీద కుట్టిన పేరు చదివి
"రైనో, మీరూ కూర్చోండి" అంది.
డ్యూటీలో ఉన్నానన్నాను.
తుడుపుకర్ర గోడకానించి
నేల విడిచి సాము, అనుకున్నాను లోపల.
కానీ నేలే కదా నా ఉద్యోగం,
దాని మీద ఏం రాలుతుందో చూడాలి మరి.

కాసేపు ఎవరూ కత్తెర పట్టలేదు.
కావాలనుకోవడానికి కూడా
ఎవరో సంతకం పెట్టాలన్నట్టు చూశారు.
తర్వాత చినుకుల్లా మొదలైంది చప్పుడు.

ఓర్విల్ ఒక కుక్కను కత్తిరించాడు. అంతే.
"ఇది ఉద్యోగం కిందికొస్తుందా, సొంతం కిందికా?"
కొరీన్‌కు వెంటనే జవాబు తట్టలేదు.

మార్లిస్ స్కూలు బస్సు నడుపుతుంది, పదకొండేళ్ళుగా.
రేవులో క్రేను నడపాలని ఆమెకు.
కుప్పంతా తిరగేస్తే
క్రేను ఒక్కటి దొరికింది,
గడియారం ప్రకటనలో వెనకాల, బొటనవేలంత.
అందులో ఆడమనిషి లేదు.
షాంపూ ప్రకటనలోంచి ఒక ముఖం కోసి
క్యాబిన్‌లో అతికించింది.
ముఖం క్రేను కన్నా పెద్దది.
జుట్టు రేవంతా పరుచుకుంది.
గది పగలబడి నవ్వింది, అందరికన్నా ముందు ఆమె.
"పట్టడం లేదు" అంది కళ్ళు తుడుచుకుంటూ,
"నేనే కొంచెం ఎక్కువైనట్టున్నాను."
అయినా పీకలేదు.
వేలితో ఇంకాస్త గట్టిగా అదిమింది.

అయిదింటికి అందరూ వెళ్ళిపోయారు,
అట్టల్ని కోట్ల కింద దాచుకుని,
చంటిబిడ్డల్ని గాలికి కాచినట్టు.

నాకు మిగిలినవి పత్రికలు.
ఎత్తి చూస్తే అన్నీ చిల్లులు.
ఇల్లున్న చోట ఇంటి ఆకారంలో గాలి.
ఒక పేజీలో వేలు వదిలేసి
ఉంగరాన్ని తీసుకున్నారు.
మరో పేజీలో ఉంగరం అలాగే ఉంది,
ఆ చేతిని పట్టుకున్న చెయ్యి లేదు.
షాంపూ అమ్మాయికి ముఖం పోయి
వెనక పేజీలోని సూపు గిన్నె
ఆ చోట్లోకొచ్చి కూర్చుంది.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఊడుస్తున్నాను.
మనుషులు పారేసిందే చూశాను గానీ
పట్టుకుపోయిన దాని ఆకారం
ఇలా కళ్ళారా చూడటం ఇదే.

నాకూ ఉండేది ఒక కోరిక. చెప్పను.
దానికి బొమ్మ దొరకలేదు,
నిజానికి వెతకలేదు.
వెతక్కపోవడాన్ని చాలాకాలం
తృప్తి అని పిలిచాను.

షాంపూ పేజీ చింపి, మడిచి జేబులో వేసుకున్నాను.
దొంగతనమే అనుకోండి, చెత్తలోంచి.
వంటగది కిటికీకి అంటించాను.

ఫిబ్రవరంతా ఆ చిల్లులో తెలుపే.
మార్చిలో మార్లిస్ పరీక్ష తప్పిందని విన్నాను.
బస్సు హీటరు వేడికి జిగురూడి
ముఖం రాలిపోయిందట, క్రేను మిగిలిందట.
రెండో తరగతి పిల్ల ఒకతి దాన్ని ఏరి
తలకిందులుగా అతికించిందట.
మార్లిస్ అలాగే ఉంచేసింది.
రెండోసారి ఫీజు కట్టింది.

ఇవాళ తెల్లవారుజామున
చిల్లులోంచి ఒక ఓడ పోయింది,
ఈ ఏటికి మొదటిది.
ఒక చెవి ఉండాల్సిన చోటి నుంచి
ఇంకో చెవి చోటి దాకా,
ఏ తొందరా లేకుండా.

పొయ్యి మీద కాఫీ పొంగింది.
తుడవచ్చులే,
తర్వాత.