మూల చెమ్మ మరక కలదు

కొత్తది నాలుగువేల రెండొందలు.
పాతది ఆరొందల నలభై, డెలివరీ ఉచితం.
మధ్యనున్న మూడువేల అయిదొందల అరవైలో
కరెంటు బిల్లూ, గ్యాసూ,
బామ్మర్ది దగ్గర చేసిన చేబదులూ ఉన్నాయి కనక
వేలు పాతదాని మీదికే పోయింది.

కింద చిన్న అక్షరాల్లో రాశాడు అమ్మేవాడు:
బైండింగు గట్టిగానే ఉంది,
లోపల అక్కడక్కడ పెన్సిలు గీతలు,
కుడి మూల చెమ్మ మరక కలదు.
నవ్వొచ్చింది.
సింగ్‌నగర్‌లో ఉండేవాడికి
చెమ్మ మరక గురించి హెచ్చరిక!

బుడమేరు వచ్చిన ఆదివారం
మేం ముందు బియ్యం ఎత్తాం, తర్వాత టీవీ,
తర్వాత అత్తగారి మందుల డబ్బా.
బొమ్మల పుస్తకాలు కింది అరలో ఉన్నాయి.
బరువైనవెప్పుడూ కిందే కదా పెడతాం.
పద్దెనిమిదేళ్ళు లెనిన్ సెంటర్లో
బేరమాడి, అలిగినట్టు నాలుగడుగులు నడిచి,
వెనక్కి పిలిపించుకుని కొన్నవి.
నీళ్ళు తీశాక చూస్తే
నున్నటి కాగితాలు ఒకదానికొకటి అతుక్కుని
ఇటుకలయ్యాయి.
విడదీయబోతే
ఒక పేజీలోని ఆకాశం
ఎదుటి పేజీ గుర్రాన్ని అంటుకుని ఊడివచ్చింది.
ట్రాక్టరు మీది కుర్రాడు అడిగాడు, ఇవి కూడానా?
ఇవి కూడా.

ఇప్పుడు నెలకొకటి.
జీతం పడ్డ రాత్రి, ఫోను వెలుగులో.
గవర్నర్‌పేట ఫ్లెక్సు షాపులో
పగలంతా పుట్టినరోజు నాయకుల నవ్వులు అతికించిన వేళ్ళు
ఎవరో పరదేశి గీసిన నదుల మీద
మెల్లగా జరుగుతాయి.
ఇక్కడ వేలికి దుమ్మంటదు. వాసన చూడ్డానికి లేదు.
వెనక్కి పిలిచేవాడూ లేడు.
కార్టులో వేసి నాలుగు రోజులు పలక్కుండా ఊరుకుంటే మటుకు
యాభై తగ్గుతుంది.
అలక ఈ మిషనుకీ తెలుసు కాబోలు.

అమ్మినవాడిది గుంటూరు, అరండల్‌పేట.
ప్యాసింజరెక్కితే
పొట్లంలో పల్లీలు అయిపోయేలోపు దిగొచ్చు.
పుస్తకం మాత్రం హైదరాబాదు చూసి,
బెంగుళూరులో రెండు రాత్రులు నిద్రచేసి,
మళ్ళీ హైదరాబాదు మీదుగా వచ్చింది.
బ్యారేజీకి అవతలిది ఇవతలికి రావడానికి
ఆరు రోజులు.

మొదటి పేజీలో ఊదారంగు ముద్ర:
టి. సంజీవరాయుడు, డ్రాయింగు మాస్టరు.
దాని కింద చేత్తో:
ఈ పుస్తకం ఎవరికీ ఇవ్వబడదు.
ఇచ్చారు.
ఎవరిచ్చారో, ఆయనుండగానో, తర్వాతో
అడగడానికి బటను లేదు.

నలభై ఏడో పేజీ.
గీతలన్నాడు గానీ, గళ్ళు.
ఏటి ఒడ్డున బట్టలు పిండుతున్న మనిషి మీద
నిలువునా అడ్డంగా, సన్నగా, స్కేలు కదలకుండా.
మా కోటినాగులు గారు ఇలాగే గీసేవారు
అరచేతిలో పట్టే ఫోటో మీద,
ఆ తర్వాత నలభై అడుగుల గుడ్డ మీద సుద్దదారంతో.
మొహాన్ని చూడకురా, గడిని చూడు, అనేవారు.
హీరోయిను కనుపాపకి ఆరు గళ్ళు, అవి ఆయనవి.
కన్నీటిచుక్కకి ఒకటి, అది నాకిచ్చారు.
ఏలూరు రోడ్డులో
నా చుక్క యాభై రోజులాడింది.

మాస్టారు పూర్తయిన గడిలోనల్లా
బియ్యపుగింజంత టిక్కు పెట్టుకున్నారు.
జుట్టుకి ఉంది, మొహానికుంది, భుజాలకుంది.
మోచేతుల దగ్గర ఆగింది.
పద్నాలుగు గళ్ళు ఖాళీ.
చెమ్మ మరక కుడి మూల నుంచి వచ్చి
ఏట్లో కలిసిపోయింది,
ఎక్కడ కలిసిందో చెప్పలేం.

రిటర్ను గడువు రేపటితో సరి, అని ఫోను మోగింది.
పాడైపోయిన ఫ్లెక్సు తిరగేసి
తెల్లటి వీపు మీద దారం కొట్టి
ఆయన ఆగిన గడి దగ్గర మొదలుపెట్టా.
రెండు పిడికిళ్ళు, మెలితిరిగిన గుడ్డ,
కారుతున్న నీళ్ళు.
అంతే నా వంతు.

టీ తెచ్చిన మా ఆవిడ చూసి
మొహం లేదేంటి, అంది.
గుంటూరులో ఉంది, అన్నా.