ఐదు లక్షల రంగులు

అట్టపెట్టె ముందువైపు నేను చూడను.
అక్కడ నెమలి ఉంటుంది, లేదా మంచుకొండ,
కోటికి ఒకటి అని ఒక కాంట్రాస్టు,
దాని నెత్తిన కంటికి ఆనని చుక్క గుర్తు.
వెనక్కి తిప్పుతాను.

రిచీ స్ట్రీట్‌లో మధ్యాహ్నం మూడు.
నిన్నటి వాననీళ్ళు కేబుళ్ళ కట్టల కింద ఇంకా నిలిచే ఉన్నాయి.
"ఐపీఎస్ దా మేడం" అంటాడు సెల్వమణి,
అడక్కుండానే.

ప్యానెల్ ఏ రకమో పెట్టెమీద లేదు.
మంచిదైతే రాసేవాళ్ళే.
రాయని చోట మిగతా అంకెల్ని మాట్లాడించాలి,
ఊరు దాచిన మనిషిని
ఒక్క "ఏంది" దగ్గర పట్టుకున్నట్టు.

అడ్డంగా నూట డెబ్బై, నిలువుగా నూట అరవై.
ఆ పది డిగ్రీల తేడా చాలు.
ఇది టీఎన్. కిందనుంచి చూస్తే మొహం మాడిపోతుంది.
రంగులు ఒక కోటీ అరవై రెండు లక్షలట.
అరవై ఏడు ఉండాలి.
లేని ఐదు లక్షల్ని
పక్కపక్క చుక్కలు కలిపి ఉన్నట్టు నటిస్తుంది.

"ఐదు లక్షలు తగ్గితే ఎవరికి తెలుస్తుంది మేడం?"

కనకవల్లికి తెలిసింది.

చూలైలో మా స్టూడియో.
పోయినవాళ్ళ ఫొటోలు బాగుచేస్తాను,
చిరిగినవి, చెమ్మ పట్టినవి,
రేషన్ కార్డులోంచి పెద్దవి చేయాల్సినవి.
ఆమె కూతురిది కాలేజీ గుర్తింపు కార్డు, గోరంత బొమ్మ.
మూడు రాత్రులు కూర్చున్నాను.
కుర్చీ స్క్రూ వదులై
రోజుకో అంగుళం దిగుతోందని నాకు తోచలేదు.
కిందనుంచి చూస్తుంటే పిల్ల నల్లబడుతోంది,
నేను తెల్లచేస్తూ పోయాను.

ఫ్రేము కట్టి ఇచ్చాను.
పైటకొంగుతో అద్దం తుడిచింది. మళ్ళీ తుడిచింది.
"ఎవరమ్మా ఈ అమ్మాయి?" అంది.
కోపం లేదు. నిజంగానే అడిగింది.
"మా పిల్లది చామనఛాయ."

ఆ లేని ఐదు లక్షల్లో
ఎక్కడో ఉండిపోయింది ఆ ఛాయ.

"ఇంకోటి తియ్యి" అన్నాను.
మూడువేలకి ఒకటి, నమ్మదగిన మూడువేలు. వీఏ.
పెన్‌డ్రైవ్ గుచ్చి పిల్లని తెరిచాను.
నలుపు నలుపే, రాత్రి బావిలో నలుపు.
కానీ ఎదురుగా నిలబడితే జడంతా ఒకటే ముద్ద,
పక్కకి జరిగితేనే పాయలు.

మూడోది వాడేసింది.
ఏదో బ్యాంకు వదిలించుకున్న సరుకు,
స్టాండుమీద ఇంకా నంబరు బిళ్ళ.
వెయ్యికి ఒకటి.
అటు నూట డెబ్బై ఎనిమిది, ఇటూ అంతే.
కొట్లోనే గొంతుక్కూర్చున్నాను. లేచాను. గోడకి ఆనుకుని చూశాను.
టీ కుర్రాడు గ్లాసులు పట్టుకుని నవ్వాడు.
పిల్ల మారలేదు.
నలుపు మాత్రం నలుపు కాదు, కింద కుడి మూల
పొయ్యి ఆర్పాక మిగిలిన వెలుగులాంటిదేదో.
"ఇదీ ఐపీఎస్" అన్నాను.
"మొదటినుంచీ నేను చెప్పేది అదే కదా!"

శుక్రవారం వచ్చింది కనకవల్లి.
చెప్పులు విడవలేదు.
గుమ్మంలోనే నిలబడి ఏటవాలుగా చూసింది, చాలాసేపు.
కుర్చీకి కొత్త స్క్రూ వేయించాను,
ఆ మాట చెప్పాలనిపించింది, చెప్పలేదు.

"ఆ మూల బూడిదలా వెలుగుతోందే, ఏమిటది?"
"అది తెర గుణమమ్మా. కాగితంమీద రాదు."
"రాదా" అంది,
ఒక్క అడుగు లోపలికి వేసి,
చెప్పులతోనే.