ఒకవైపు మాట

గిండీలో ఆరో అంతస్తు. రాత్రి పదిన్నర.
అట్టపెట్టెల్లోంచి నలభై రెండు ఫోన్లు తీసి
ఒక్కోదానికీ ఓ నంబరు, ఓ పేరు
బారసాల పంతుల్లా పెట్టుకుంటూ పోతున్నాను.

నీలం తీగ గుచ్చితే చాలు,
కరెంటూ అందులోంచే, మాటా అందులోంచే.
తెర వెలిగి కాసేపు ఆలోచిస్తుంది,
సర్వరు ఒప్పుకుంటే పచ్చచుక్క.

రెండొందల పదిహేడు మొండికేసింది.
కింద గేటు దగ్గర వాచ్‌మన్ ఏళుమలై
(మా నెల్లూరులో అయితే ఏడుకొండలు)
ఎత్తాడు. ఆయన మాట నాకొస్తోంది,
నాది ఆయనకి పోవట్లేదు.

"కేక్కుదా సార్? ఒణ్ణుమే కేక్కలియే..."
రెండుసార్లు అడిగి, పెట్టెయ్యలేదు.
ఆ ఖాళీలోకి, అరవంలోనే, మెల్లగా:
"సెల్వీ, మాత్ర వేసుకున్నావా?
గడియ పెట్టుకో. నేను పొద్దున వస్తా."

గేటు వేరే నెట్‌వర్కు.
ఫైర్‌వాల్‌లో ఒక్క వరస మారిస్తే సరిపోతుంది.
మౌస్ మీద వేలు అలాగే ఉంది.
అటు ఊపిరి, ఎక్కడో లారీ హారన్.
నేను వినకూడనిదేదో
నా చెవిలో వెచ్చగా.

మార్చాను.
"హలో" అన్నాను.
"ఇప్ప కేక్కుదు సార్!"
డ్యూటీ గొంతు తొడుక్కున్నాడు.

పచ్చచుక్క.
ఇంకా పందొమ్మిది.